పేజీకి ఇరవై

శుభలేఖలు కొట్టుకు బతికేవాణ్ణి నేను.
నర్సాపురం రేవులో పంటు దిగి
పైకొచ్చే మలుపులో నా కొట్టు.
జిరాక్సు, లామినేషను, ఆధార్ సవరణలు.
పోయినవాళ్ళ ఫొటో కింద
జననం, మరణం, మధ్యలో చిన్న గీత.
ఆ గీత గీసేది నేనే.

జూన్‌లో ఒక శనివారం
కొల్లాటి నాగమేఘన అనే పిల్ల
రొయ్యల మేత సంచీలోంచి
నాలుగు లాంగుబుక్కులు తీసి బల్ల మీద పెట్టింది.
"నవలండి. టైపు చెయ్యాలి."
ఎవరిదమ్మా అన్నాను.
"నాదేనండి."
పదిహేడేళ్ళు. ఇంటరు, ఎంపీసీ.
చెప్పుల నిండా సఖినేటిపల్లి బురద.

పేజీకి ఇరవై అన్నాను.
పెదాలు కదుపుతూ లెక్కేసుకుని
"వారానికి ఆరు పేజీలు చొప్పునండి" అంది.
అలా శనివారం శనివారం నూట ఇరవై.
నోట్ల మడతల్లో తెల్లదారం పోగులు.
వాళ్ళమ్మ లేసు అల్లుతుందట, ముక్కకి ఇంతని.

మొదటి వారం నా తెలివి చూపించాను.
"ఎల్లొత్తానే" అన్నచోట "వెళ్ళొస్తాను" అని కొట్టాను.
"తినేసెల్లు" ని "తిని వెళ్ళు" చేశాను.
కాగితం ఎర్రపెన్నుతో తిరిగొచ్చింది.
"మా అమ్మ అలాగనదండి.
అలాగంటే ఆవిడ మా అమ్మ కాదండి,
టీవీలో వార్తలు చదివే ఆవిడండి."
ఇరవై రెండేళ్ళుగా ఊరి తప్పులు దిద్దిన వేళ్ళు
కీబోర్డు మీద కాసేపు సిగ్గుపడ్డాయి.

ఆగస్టులో వశిష్టకి ఎర్రనీళ్ళొచ్చాయి.
పంటు ఆపేశారు. రెండు శనివారాలు పిల్ల రాలేదు.
అక్కడ కథలో నూకాలు
లేసు కొనే షావుకారుతో మాటామాటా అనుకుని
గేటు దగ్గర నిలబడిపోయి ఉంది,
లోపలికెళ్ళిందో ఇంటికెళ్ళిందో తెలీదు.
ఆ ధ్యాసలో ఎవరిదో శుభలేఖలో
వధువు పేరు దగ్గర నూకాలు అని కొట్టేశాను.
ఐదొందల కార్డులు.
పెళ్ళికూతురి మేనమామ నన్ను తిట్టిన తిట్లు
నవలలో పెట్టుకోవచ్చా అని అడిగింది తర్వాత.

దీపావళి దాటాక రెండువందల పన్నెండో పేజీ.
చివర్లో తొందరంతా నాదే.
డబ్బులు బాకీల పుస్తకంలో రాసుకున్నాను.

విజయవాడ వాళ్ళు ముందు ఏ ఫాంటు అన్నారు.
పంపాం. వాళ్ళ మిషన్లో తెరిస్తే
వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయట.
అక్షరం అక్షరం ఏరుకుని మళ్ళీ పంపాం.
ఇంకొకాయన నలభై వేలు కట్టమన్నాడు,
మూడొందల కాపీలు మీరే తీసుకోవాలన్నాడు.
మూడో చోటి నుంచి ఉత్తరమే వచ్చింది:
బాగుందమ్మా, కొంచెం పెద్దయ్యాక రాయి.

"పుట్టిన తేదీ మార్చేదా?" అన్నాను, నా పని అదేగా.
నవ్వింది గాని కళ్ళు బల్ల మీదే.
ఉత్తరం నాలుగు మడతలు పెట్టి
ఫిజిక్సు పుస్తకంలో దోపుకుని
"ఇంకో అడ్రసేదన్నా ఉందాండి?" అంది.
హైదరాబాదుది ఒకటుంది.
ఇంకో కాపీ తీయడం మొదలెట్టాం.
మిషను వేడెక్కి రెండుసార్లు ఆగింది.
ఆఖరి పంటు కూత వేసింది.
కాగితాలు గుండెకి హత్తుకుని పరిగెత్తింది
బాకీ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

షట్టరు దించబోతూ చూశాను
అద్దం మీద ఒక పేజీ మర్చిపోయింది, బోర్లా.
ఎనభై ఏడు.
నేనే కొట్టిన పేజీ. కొట్టేటప్పుడు చదవలేదు కాబోలు,
నిలబడే చదివాను:

"నిద్రలో కూడా అమ్మ వేళ్ళు అల్లుతూనే ఉన్నాయి.
మెల్లిగా ఆ వేళ్ళ మధ్య నా పెన్ను పెట్టాను.
ఆగలేదు."